ఇల్లంతా వేడెక్కాలా, మనుషులు వెచ్చగా ఉంటే చాలా?

ఈ దేశంలో మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు ఏమేం చూస్తారో మీకు చెప్పక్కర్లేదు. గుమ్మం ఏ దిక్కు, స్కూలు రేటింగ్ ఎంత, దేవుడి మందిరానికి ఈశాన్యం మూల దొరుకుతుందా, వంటగదిలో పోపు వేస్తే ఆ పొగ బయటికి పోతుందా లేక ఇల్లంతా తిరుగుతుందా. చలికాలంలో ఇంటికి వేడి ఎక్కడినుంచి వస్తుంది, దానికి నెలకెంత అవుతుంది అన్న ప్రశ్న మాత్రం ఆ జాబితాలో చివరన ఉంటుంది. మొదటి డిసెంబరు బిల్లు చేతికొచ్చాక అది ఒక్కసారిగా ముందుకొస్తుంది.

మేముండేది సియాటిల్‌కి ఉత్తరాన బాతెల్‌లో. 1970ల్లో కట్టిన ఇల్లు. ఆ రోజుల్లో ఇక్కడ కొలంబియా నది ఆనకట్టల నుంచి వచ్చే కరెంటు బాగా చౌక. అందుకని కట్టేవాళ్ళు గాలి గొట్టాల జోలికి పోకుండా ప్రతి గదిలో గోడ అడుగున పొడుగాటి రేకు పెట్టెలు బిగించి వదిలేశారు. వాటినే బేస్‌బోర్డ్ హీటర్లు అంటారు. మన ఇస్త్రీ పెట్టెలో, గీజర్‌లో ఉండే కాయిలే వీటిలోనూ ఉంటుంది. చప్పుడు చెయ్యవు, పెద్దగా పాడవ్వవు, ఏ గది తిరుగుడు మీట ఆ గదికే. ఒకటే బాధ, బిల్లు.

రెండేళ్ళ కిందట అక్టోబరులో అత్తయ్యగారు మా దగ్గర ఉండిపోవడానికి వచ్చారు. మామయ్యగారు పోయాక ఆవిడకి అది మొదటి చలికాలం, ఈ దేశంలోనూ మొదటి చలికాలం. మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు వద్దని కింది గది ఇచ్చాం. ఆ గది సగం భూమిలోకి ఉంటుంది, ఎండ పడదు. ఎప్పుడు అడిగినా "నాకేం చలి లేదమ్మా" అనేవారు. ఒకరోజు పదింటికి కాఫీ తీసుకెళ్తే, మంకీ క్యాపు పెట్టుకుని, రెండు శాలువాలు కప్పుకుని, చేతులు దుప్పట్లో దాచుకుని కూర్చున్నారు. హీటరు మీట సున్నా దగ్గర ఉంది. గోడ మీది థర్మామీటరు 60 డిగ్రీలు చూపిస్తోంది, అంటే మన లెక్కలో 16కి కాస్త తక్కువ.

"ఏంటత్తయ్యా, కట్టేశారేం?" అన్నాను.

"వాడు బిల్లు గురించి ఎవరితోనో ఫోన్లో అంటుంటే విన్నానే అమ్మాయ్. పగలు ఈ గదిలో నేనొక్కదాన్నే కదా. నా ఒక్క ప్రాణానికి అంత కరెంటు ఎందుకు?"

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్ళ గురించి ఇచ్చిన సూచనల్లో చలి దేశాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలంది. అంటే మా థర్మామీటరులో 64. పెద్దవాళ్ళకి అంతకంటే కాస్త ఎక్కువే కావాలి. చలికి రక్తపోటు పెరుగుతుంది, ఊపిరితిత్తుల మీదా భారం పడుతుంది. ఆవిడ దాచుకుంటున్నది కొడుకు డబ్బు, ఖర్చు పెడుతున్నది తన ఒంటిని. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పరు, మనమే చూసుకోవాలి. ఆ రోజే అనుకున్నాను, ఈ వేడి సంగతి ఈ చలికాలంలోనే తేల్చాలని.

మా వారి ఆలోచన గ్యాస్ ఫర్నేస్. స్నేహితులందరి ఇళ్ళల్లో అదే ఉంది. గ్యాస్‌తో గాలిని వేడి చేసి, పైకప్పులోంచి, నేల కిందనుంచి వెళ్ళే గొట్టాల ద్వారా ప్రతి గదికీ పంపుతుంది. "ఇల్లంతా ఒకేలా వెచ్చగా ఉంటుంది కదా" అన్నారు.

"ఇల్లంతా ఎందుకండీ వేడెక్కడం? పగలు ఇంట్లో ఉండేది మేమిద్దరం" అన్నాను.

అలా అని ఊరుకోలేదు, ఒక పాత నోటుబుక్కు తీసి వారం రోజులు రాశాను. ఏ గంటకి ఏ గదిలో ఎవరున్నారు, అంతే. పొద్దున్న ఎనిమిది నుంచి మూడున్నర దాకా అత్తయ్యగారు కింది గదిలో, నేను వంటింట్లో, హాల్లో. పిల్లలు స్కూలు నుంచి వచ్చాక డైనింగ్ టేబుల్ దగ్గరే హోంవర్కు. పైన ఉన్న మూడు పడక గదుల్లోకి రాత్రి తొమ్మిది దాకా మనిషి వెళ్ళడు. వెళ్ళాక అందరం కంఫర్టర్ కప్పుకునే పడుకుంటాం, అక్కడ 62 ఉన్నా చాలు. అంటే రోజులో ఎక్కువ భాగం రెండంటే రెండు చోట్ల వెచ్చగా ఉండాలి. ఈ లెక్క ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళ దగ్గర ఉండదు. వాళ్ళకి ఇల్లంటే సాయంత్రం ఆరు నుంచి కనిపించే ఇల్లు. పగటి ఇల్లు మనకే తెలుసు.

తర్వాత డబ్బు లెక్క. ఇది కాస్త ఓపికగా చదవండి, ఒక్కసారి అర్థమైతే ఏ సేల్స్ మనిషి వచ్చినా మీరు ఎదురు ప్రశ్న వెయ్యగలరు. బియ్యం కొలవడానికి సోల, తవ్వ ఉన్నట్టు వేడిని కొలవడానికి బీటీయూ అనే కొలత ఉంది. ఒక లక్ష బీటీయూల వేడి ఇంట్లోకి రావాలంటే ఒక్కో పద్ధతిలో ఎంతవుతుందో చూద్దాం. కరెంటు యూనిట్ 13 సెంట్లు, గ్యాస్ థెర్మ్ ఒకటిన్నర డాలర్లు, హీటింగ్ ఆయిల్ గ్యాలన్ నాలుగున్నర, ప్రొపేన్ గ్యాలన్ మూడు డాలర్లు అనుకుందాం. మీ ఊళ్ళో ధరలు వేరైతే మీ బిల్లులోవి వేసుకోండి.

బేస్‌బోర్డ్ హీటరు ఒక యూనిట్ తీసుకుంటే ఒక యూనిట్ వేడి ఇస్తుంది, తక్కువా కాదు, ఎక్కువా కాదు. లక్ష బీటీయూలకి 29 యూనిట్ల పైన పడుతుంది, అంటే దగ్గర దగ్గర 3 డాలర్ల 80 సెంట్లు. దుకాణంలో నలభై డాలర్లకి దొరికే చిన్న స్పేస్ హీటరుదీ ఇదే లెక్క. "తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి" అని డబ్బా మీద ఏం రాసినా నమ్మకండి, కాయిల్ ఏదైనా కాయిలే.

పాత ఇళ్ళలో ఉండే ఆయిల్ ఫర్నేస్‌కి నాలుగు డాలర్లు దాటుతుంది. ప్రొపేన్‌కి మూడున్నర దాకా. మంచి గ్యాస్ ఫర్నేస్ అయితే 1 డాలరు 60 సెంట్లే. కానీ ఆ గొట్టాలున్నాయి చూశారూ, అటక మీద చలిలోంచి వెళ్ళేవి, వాటి అతుకుల్లోంచి వేడి గాలి కారిపోతుంది. మామూలు ఇంట్లో నూటికి ఇరవై, ముప్ఫై వంతులు అలా పోవచ్చని ఎనర్జీ స్టార్ వాళ్ళు చెప్తారు. ఇరవై పోతే గ్యాస్ ఖర్చు దాదాపు రెండు డాలర్లు.

ఇక గొట్టాలు లేని హీట్ పంపు. ఇది కరెంటుతో వేడిని పుట్టించదు, బయట ఉన్న వేడిని లోపలికి మోసుకొస్తుంది. బయట అంత చలిలో వేడెక్కడిది అనిపిస్తుంది. మన ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. లోపలి కూరల్లోని వేడిని లాగి బయట పారేస్తోంది కాబట్టి. హీట్ పంపు చేసేదీ అదే పని, ఇల్లు దానికి ఫ్రిజ్ వెనక భాగం. మోసే కూలి మాత్రమే మనం కడతాం కాబట్టి ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల దాకా వేడి వస్తుంది. లక్ష బీటీయూలకి 1 డాలరు 27 సెంట్లు. బేస్‌బోర్డ్‌తో పోలిస్తే మూడో వంతు.

బయట చలి పెరిగే కొద్దీ ఈ మూడు కాస్తా రెండున్నర, రెండు అవుతుంది. సియాటిల్‌లో చలికాలం రాత్రులు చాలావరకు గడ్డకట్టే స్థాయికి కాస్త పైనే ఉంటాయి కాబట్టి మాకు సరిపోతుంది. గట్టి చలి ఊళ్ళకి వేరే మోడళ్ళున్నాయి, సున్నా ఫారెన్‌హీట్ కింద కూడా పనిచేస్తాయి. మంచు రాష్ట్రమైన మెయిన్‌లో 2025 కల్లా లక్ష హీట్ పంపులు పెట్టాలనుకుని 2023లోనే ఆ లెక్క దాటేశారు. మా వైపు కూడా 2008 నుంచే విద్యుత్ సంస్థలు కలిసి బేస్‌బోర్డ్ ఇళ్ళకి ఇవి పెట్టించే కార్యక్రమం మొదలుపెట్టాయి. అంటే నిన్న మొన్న వచ్చిన ప్రయోగం కాదు.

ఈ మాటలన్నీ అత్తయ్యగారికి చెప్పి ఫోన్లో బొమ్మ చూపిస్తే, "ఓసి, ఇది మన స్ప్లిట్ ఏసీయే కదే!" అన్నారు. నిజమే. విజయవాడలో మనింటి గోడ మీద ఉండేదాని అక్కచెల్లెలే. వేసవిలో లోపలి వేడిని బయటికి, చలికాలంలో బయటి వేడిని లోపలికి తిప్పుకునే ఏర్పాటు ఉంటుంది, అంతే. ఆవిడే ఇంకో మాటన్నారు. "మా అమ్మ నాకు పురిట్లో మంచం కింద కుంపటి పెట్టేది. ఇల్లంతా ఎవరు వేడి చేశారు? బాలింత వెచ్చగా ఉంటే చాలు." నేను వారం రోజులు నోటుబుక్కులో రాసింది ఆవిడ ఒక్క మాటలో చెప్పేశారు.

కుంపటి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. గాలి ఆడే మన పాత ఇళ్ళు వేరు, కిటికీలన్నీ బిగించే ఈ ఇళ్ళు వేరు. 2006 డిసెంబరులో ఇక్కడ పెద్ద గాలివాన వచ్చి పది లక్షలకు పైగా ఇళ్ళకి, దుకాణాలకి కరెంటు పోయింది. చలికి తట్టుకోలేక కొందరు బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తెచ్చుకుని వెలిగించారు. కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు కమ్మి వందల మంది ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. అందులో వేరే దేశాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. సియాటిల్ టైమ్స్ పత్రిక మొదటి పేజీలో పలు భాషల్లో హెచ్చరిక వేసింది. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. బొగ్గులు, క్యాంపు స్టవ్వు, జనరేటరు ఇంట్లో గానీ గరాజ్‌లో గానీ వద్దు. గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇంట్లో ప్రతి అంతస్తులో అలారం ఉండాలి. స్పేస్ హీటరు వాడితే పరుపుకి, కర్టెన్లకి, చీర కుచ్చిళ్ళకి మూడడుగుల దూరం. ఎక్స్‌టెన్షన్ తీగకి గుచ్చొద్దు.

ఇప్పుడు హీట్ పంపు లోపాలు కూడా చెప్పాలి కదా. గోడ మీద అంత పెద్ద తెల్ల డబ్బా అందంగా ఏం ఉండదు. ఒక డబ్బా వేడి ఆ గదికి, దానికి తెరుచుకుని ఉన్న చోటికే. తలుపు మూసిన గదికి రాదు. అందుకే మేము పై పడక గదుల్లో పాత బేస్‌బోర్డ్‌లు తీయలేదు, రాత్రి అవసరమైతే కాసేపు వేస్తాం. ఫర్నేస్ గాలిలా భగ్గుమని రాదు, గోరువెచ్చగా వస్తూనే ఉంటుంది. కాబట్టి గంట ముందు వేసి గది కాగాలి అంటే కుదరదు, ఒక డిగ్రీ దగ్గర పెట్టి వదిలెయ్యాలి. కరెంటు పోతే ఇదీ పోతుంది. అయితే గ్యాస్ ఫర్నేస్‌లో గాలి తోసే ఫ్యానుకీ కరెంటే కావాలని చాలామందికి తెలియదు. ఇంకో మాట, దీన్ని నమ్ముకుని ఇడ్లీ పిండి బయట పెట్టకండి. 68 డిగ్రీలకి పిండి పులవదు, అవెన్‌లో లైటు వేసి పెట్టాల్సిందే.

మరి ధర. మా ఇంటికి గొట్టాలతో సహా కొత్త గ్యాస్ ఫర్నేస్‌కి ఇద్దరు వచ్చి చూశారు, ఎవరూ ఇరవై వేల డాలర్లకి తగ్గలేదు. పైకప్పు అక్కడక్కడ కొయ్యాలన్నారు. హీట్ పంపు వాళ్ళలో ఒకాయన ప్రతి గదికీ ఒక డబ్బా చొప్పున అయిదు పెడతానని పద్దెనిమిది వేలు చెప్పాడు. అప్పుడు నా నోటుబుక్కు బయటికి తీశాను. రాత్రి తొమ్మిది దాకా మనిషి లేని గదులకి ఎందుకు అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. చివరికి హాలు, వంటిల్లు కలిపి ఒకటి, అత్తయ్యగారి గదికి ఒకటి, దేని బయటి యంత్రం దానికే ఉండేలా పెట్టించాం. ఒకే బయటి యంత్రానికి అయిదారు డబ్బాలు కలిపితే, ఒక్క గదే నడిచినప్పుడు కరెంటు వృథా అవుతుంది. రెండూ కలిపి 11,600 డాలర్లు.

2025 జనవరిలో పెట్టించాం కాబట్టి ఆ ఏడాది ఫెడరల్ పన్నులో రెండు వేల డాలర్లు తగ్గాయి. 2025 డిసెంబర్ 31 తర్వాత పెట్టించుకునేవాళ్ళకి ఆ రాయితీ తీసేశారు. కొన్ని కరెంటు సంస్థలు, రాష్ట్రాలు ఇంకా ఇస్తున్నాయి. సంతకం పెట్టక ముందే మీ కరెంటు సంస్థకి ఫోన్ చేసి అడగండి, పనయ్యాక అడిగితే కొన్ని చోట్ల ఇవ్వరు.

బిల్లుల సంగతి చెప్తాను. 2024 డిసెంబరులో 3,050 యూనిట్లు, 397 డాలర్లు. 2025 డిసెంబరులో 1,980 యూనిట్లు, 257 డాలర్లు. అత్తయ్యగారి గది పగలంతా 70లో ఉంది, అయినా. నెలకి 140 చొప్పున అయిదు నెలల చలికాలానికి ఏడు వందలు. పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది, అది దాచిపెట్టను. ఇంట్లో ఇప్పటికే మంచి గ్యాస్ ఫర్నేస్, గట్టి గొట్టాలు ఉన్నవాళ్ళు దాన్ని పీకేసి ఇది పెట్టుకోమని నేను చెప్పను. బేస్‌బోర్డ్, ఆయిల్, ప్రొపేన్ ఉన్నవాళ్ళకి, పెద్దవాళ్ళు పగలంతా ఒక గదిలో ఉండేవాళ్ళకి మాత్రం తప్పకుండా ఆలోచించమంటాను.

వేసవి కూడా లెక్కలో వేసుకోండి. 2021 జూన్ 28న సియాటిల్‌లో 108 డిగ్రీలు వచ్చింది, 42 సెల్సియస్. మన రెంటచింతలకి అది మామూలే కావచ్చు, కానీ ఇక్కడ చాలా ఇళ్ళలో ఏసీ అనేదే లేదు. ఒక్క వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఆ ఎండకి వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది పెద్దవాళ్ళు. ఫర్నేస్ ఒక్కటే పెట్టించుకుంటే ఆ రోజున అది పనికిరాదు. ఇదే డబ్బా చల్లగా కూడా ఇస్తుంది.

పెట్టించుకునేవాళ్ళకి నాలుగు మాటలు. డబ్బా గాలి మంచానికి ఎదురుగా కొట్టకుండా చూసి గోడ ఎంచుకోండి. అత్తయ్యగారు మొదటి రోజే "గాలి మొహాన కొడుతోందమ్మా" అన్నారు, రెక్క కిందికి తిప్పాం. వేడి గాలి ఎలాగూ పైకి లేస్తుంది కాబట్టి చలికాలంలో రెక్క కిందికే ఉండాలి. రిమోట్‌లో ఆటో వద్దు, హీట్ అనే దాని మీద ఉంచండి. వంటింటి పక్కన పెడితే జల్లెడలు జిడ్డు పడతాయి, పోపుల ఇల్లు కదా. నేను రెండు వారాలకోసారి తీసి, గోరువెచ్చని నీళ్ళలో కడిగి, నీడన ఆరబెడతాను. బాగా చలిగా ఉన్న రోజు బయటి యంత్రం మీదనుంచి ఆవిరి పొగలా లేస్తుంది, లోపల గాలి ఆగిపోతుంది. కంగారు పడకండి, పట్టిన మంచుని అదే కరిగించుకుంటోంది. కొన్ని నిమిషాల్లో మామూలవుతుంది.

అన్నిటికంటే ముందు ఆ వారం రోజుల లెక్క రాసుకోండి. ఏ గంటకి ఏ గదిలో ఎవరు. ఎవరికి చలి ఎక్కువ, ఎవరు చెప్పుకోరు. కొటేషన్ ఇచ్చే మనిషి చదరపు అడుగులు కొలుస్తాడు, మనుషుల్ని కొలవడు. అది మన పని.

ఇంకొకటి చేశాను, అది డబ్బుతో పనిలేనిది. మొన్న డిసెంబరు బిల్లు రాగానే అత్తయ్యగారికి చూపించి, రెండు అంకెలూ చదివి వినిపించాను. "నీ గది వెచ్చగా ఉండి కూడా ఇంత తగ్గిందే అమ్మా" అని మా వారు ఆవిడ పక్కన కూర్చుని చెప్పారు. ఇప్పుడు ఆ గది రిమోట్ ఆవిడ దిండు పక్కనే ఉంటుంది. నేను కాఫీ తీసుకెళ్ళేసరికి 70 అని అంకె కనిపిస్తుంది, మంకీ క్యాపు మేకుకి వేలాడుతుంటుంది.